హెల్మెట్లో నీళ్ళు, మూసేసిన టికెట్లు

"మళ్ళీ రాలేదుగా, క్లోజ్ చేసేద్దాం" - మన ప్రాజెక్టుల్లో రోజూ వినే మాటే. నాకైతే ఒళ్ళు మండుతుంది.

2013 జూలై 9న స్పేస్‌వాక్ చేసొచ్చిన లూకా పర్మిటానో హెల్మెట్లో నీళ్ళు కనిపించాయి. తాగే నీళ్ళ సంచి కారిందిలే అని సరిపెట్టుకున్నారు. సరిగ్గా వారానికి, అదే సూటుతో మళ్ళీ పంపారు. ఈసారి లీటరు పైనే! బరువులేని చోట నీళ్ళు కిందికి జారవు కదా, ముఖానికే అంటుకుంటాయి. కళ్ళూ ముక్కూ మునిగి, తాడు ఆసరాతో తడుముకుంటూ వచ్చి బతికాడు. తీరా చూస్తే, గాలి నుంచి నీటిని వేరుచేసే పంపులో సన్నని రంధ్రాలు పూడుకుపోయాయట. ఆ తర్వాతే హెల్మెట్లో నీళ్ళు పీల్చే మెత్త, ఊపిరికో గొట్టం పెట్టారు.

2022 మార్చి 23న, హైదరాబాద్ మూలాలున్న మన రాజాచారితో కలిసి బయటికెళ్ళిన మథియాస్ మౌరర్ హెల్మెట్లోనూ నీళ్ళు. ఈసారి మాత్రం మామూలు స్పేస్‌వాకులు ఆపేసి మరీ కారణం వెతికారు. ఇదీ ఇంజనీరింగంటే!

మా కొడవలూరు డాబా ఎక్కి శ్రీహరికోట రాకెట్లు చూస్తూ పెరిగినవాణ్ణి. రేపు గగన్‌యాన్‌లో మనవాళ్ళు ఎక్కే రోజున, కారణం తెలీకుండా మూసేసిన టికెట్ ఒక్కటి కూడా ఉండకూడదు. ఆ అలవాటు ఇవాళ మన బిల్లింగ్ మాడ్యూల్ దగ్గరే మొదలవ్వాలి. కాదంటారా?