చెమట మనదైతే మాట కూడా మనదే కావాలి

కొంచెం పెద్ద పోస్టు. తీరిక ఉన్నప్పుడు పూర్తిగా చదవండి, తప్పుంటే తప్పని చెప్పండి.

వానలు మొదలైతే చాలు, మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు నుంచి మన గ్రూపులోకి ఒకే రకం ఫోటోలు వస్తుంటాయి. చర్చి ఆవరణ, చేతిలో మొక్క, పక్కన పార, వెనక బ్యానర్. అందులో తాండా పిల్లలు, ఎరుకల కాలనీ పిల్లలు, యానాది కాలనీ పిల్లలు అందరూ ఉంటారు. చూస్తే సంతోషంగానే ఉంటుంది. కానీ ఆ మొక్క ఏది పెట్టాలో ఎవరు నిర్ణయించినారు అనే ప్రశ్న మాత్రం ఆ ఫోటోల కింద ఎవరూ అడగరు. ఈరోజు నేను అడుగుతున్నా.

రెండేళ్ల కింద మా వైపు ఒక విచారణలో నేనూ పార పట్టినాను. ఊరి పేరు అవసరం లేదు, ఇలాంటివి చాలా ఉన్నాయి. గుడి వెనక అరెకరం దాకా కంపచెట్లు, వయ్యారిభామ, రాళ్లు. నాలుగు ఆదివారాలు పూజ అయిపోయినాక దిగినాం. మగపిల్లలు కంప కొట్టి రాళ్లు ఏరితే, ఆడపిల్లలు గంపలతో ఎర్రమట్టి మోసినారు. మరియమాత గుహ చుట్టూ గట్టు కట్టినాం. మధ్యాహ్నం సిస్టర్లు పెట్టిన పులిహోర తిని మళ్లీ పనిలో పడినాం. ఆ నాలుగు ఆదివారాలు నిజంగా బాగున్నాయి, అది దాచను.

ఐదో ఆదివారం నర్సరీ బండి వచ్చింది. అందులో క్రోటన్లు, పచ్చిక పరుపులు. ఎవరు చెప్పినారో, ఎప్పుడు చెప్పినారో మాకు తెలీదు. నాటమన్నారు, నాటినాం. తర్వాత చుట్టూ కంచె, దానికి గేటు, గేటుకి తాళం వచ్చాయి. మార్చిలో మా చిన్నాన్న కూతురు ఇంటర్ పరీక్షలకి చదువుకుందామని పుస్తకం తీసుకుని పోతే, పచ్చిక తొక్కుతారని లోపలికి రానియ్యలేదు. ఆ అమ్మి మట్టి మోసిన తోట అది. మే నెలకి బోరులో నీళ్లు తగ్గినాయి, తొక్కకూడని పచ్చిక గడ్డివాము రంగుకి తిరిగింది.

ఇందులో ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. పెద్దలు మనల్ని అడగలేదు, మనమూ పెద్దల్ని అడగలేదు. అంతే జరిగింది. కానీ ఆ "అంతే" దగ్గరే మన జాతుల చరిత్ర మొత్తం ఉంది.

బ్రిటిషోళ్లు 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చినారు. 1911 నాటికి అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఎరుకల కుటుంబాలను సెటిల్‌మెంట్లలో పెట్టి, రోజూ హాజరు తీసుకుని, పని చేయించడమే "బాగుచేయడం" అన్నారు. 1913లో స్టూవర్టుపురం అట్లాగే పుట్టింది, నడిపింది సాల్వేషన్ ఆర్మీ. అది కాథలిక్ సంస్థ కాదు గానీ, దేవుడి పేరుతో నడిచేదే. చట్టం 1952లో పోయింది. ఇక వెట్టిచాకిరీని నిషేధించే చట్టం 1976లో గానీ రాలేదు. యానాదోళ్ల ఇళ్లలో ముసలోళ్లను అడగండి, కూలి అడిగే హక్కు లేని పని ఎట్లుండేదో చెప్తారు. మన తాతలకి పని కొత్త కాదు, ఆ పనిలో మాట ఉండటమే వాళ్లకి తెలీదు.

చర్చి తోటపని వెట్టి అని నేను అనడం లేదు. మనం ఇష్టపడి పోయినాం, బలవంతం లేదు. అది శ్రమదానం. కానీ ఈ రెండింటికీ తేడా కూలిలో లేదు, రెండింట్లోనూ కూలి లేదు కదా. తేడా మాటలో ఉంది. ఏం చేయాలో కలిసి నిర్ణయించుకుని చేస్తే దానం. వేరేవాళ్లు నిర్ణయించింది నోరు మూసుకుని చేస్తే, పేరు ఏదైనా పెట్టుకోండి, పాత వాసన పోదు.

"సేవ చేసేవాడు లెక్కలు అడక్కూడదు, ఎడమచేతికి తెలీకుండా ఇవ్వాలి" అని ఒక అన్న నాతో అన్నాడు. మంచి మాటే. అయితే నేను లెక్క అడగటం లేదన్నా. నా పేరుతో శిలాఫలకం వద్దు, శాలువా వద్దు. నీళ్లు లేని సీమలో నీళ్లు తాగే మొక్క ఎందుకు అని అడగటం లెక్క కాదు, జ్ఞానం. ఆ జ్ఞానం మన దగ్గర ఉంది. మేకలు తోలుకుని కొండెక్కే జేజికి ఏ ఆకు ఎండకు తట్టుకుంటుందో తెలుసు. వానాకాలం రాకముందే యానాది పెదనాయనకి ఏ వాగు పక్కన ఏ తీగ మొలుస్తుందో తెలుసు.

చర్చి కూడా ఈ మాటకి అడ్డం చెప్పదు. పోప్ ఫ్రాన్సిస్ 2015లో రాసిన 'లౌదాతో సీ' లేఖలో, ఆదివాసుల భూమి మీద పెద్ద పనులు తలపెట్టినప్పుడు ముందుగా మాట్లాడాల్సింది ఆ ఆదివాసులతోనే అని స్పష్టంగా ఉంది. 2019 అక్టోబరు 4న, అమెజాన్ సమావేశానికి ముందు, వాటికన్ తోటలో అసిసీ నుంచి తెచ్చిన చెట్టును నాటినప్పుడు అమెజాన్ ఆదివాసులు పోప్ పక్కనే ఉన్నారు. వాళ్ల పాట, వాళ్ల ఆట అక్కడే జరిగాయి. కాస్టెల్ గండోల్ఫోలో పోపుల వేసవి విడిది తోటలు ఎన్నో ఏళ్లు మూసి ఉండేవి. 2014లో వాటిని జనానికి తెరిచినారు. పోప్ తోట గేటే తెరుచుకున్నప్పుడు మా విచారణ తోట గేటుకి తాళమెందుకు ఫాదర్ అని మర్యాదగా అడగొచ్చు. అడిగితే వింటారనే నా నమ్మకం.

మన చుట్టుపక్కల కూడా పాఠాలున్నాయి. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915లో క్షయ ఆస్పత్రి మొదలైంది. అప్పటికి ఆ జబ్బుకి మందు లేదు. మంచి గాలి, విశ్రాంతి, తిండి, అవే వైద్యం. అట్లాంటి చోట చెట్టు నీడ అలంకారం కాదు, రోగికి అవసరం. రిషి వ్యాలీ చూడండి. ఎండిపోయిన లోయలో ఏళ్ల తరబడి చెట్లు నాటి, వాననీరు నిలిపి, మేత నుంచి కాపాడితే, 1991లో దాన్ని పక్షుల సంరక్షణ ప్రాంతంగా గుర్తించినారు. ఒక్క ఆదివారం, ఒక్క బ్యానర్ చేసిన పని కాదది. ఈ రెండు చోట్లా తోట ఎవరికోసం అన్నది ముందే తెలుసు. మన చర్చి తోటలకి కూడా ఆ ప్రశ్న ముందు రావాలి.

నా లెక్కలో చర్చి తోట ముగ్గురి కోసం. ఆదివారం పల్లెల నుంచి నడిచొచ్చే ముసలోళ్లు, పూజ అయ్యేదాకా బయట ఆడుకునే చిన్నపిల్లలు, ఇంట్లో ఒకటే గది ఉండి చదువుకోడానికి చోటు లేని మన విద్యార్థులు. ఈ ముగ్గురికీ కావాల్సింది నీడ, అరుగు, తాగే నీళ్లు. పచ్చిక కాదు.

కాబట్టి వచ్చే వానాకాలంలో పార పట్టే ముందు విచారణ పెద్దల దగ్గర కూర్చుని ఈ నాలుగు విషయాలు మాట్లాడుకుందాం.

ఒకటి, ఏ మొక్క. వేప, కానుగ, నేరేడు, చింత, ఉసిరి, సీతాఫలం మన నేలకి అలవాటైనవి. ఒక మూల తిప్పతీగ, నల్లేరు, వావిలి, కలబంద పెట్టి, తెలుగు పేరుతో పాటు మన తాండాలో, మన కాలనీలో పిలిచే పేరు కూడా పలక మీద రాద్దాం. మన భాష పేరు ఒక చర్చి ఆవరణలో రాసి ఉంటే ఎట్లుంటుందో ఊహించుకోండి.

రెండు, నీళ్లు. రెండు వేల చదరపు అడుగుల గుడి కప్పు మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే సుమారు 1,800 లీటర్లు. దాన్ని కాలవలోకి వదిలి, తర్వాత ట్యాంకరు కొనడం ఏం తెలివి? కప్పు నీళ్లు తొట్టికి మళ్లించి, మొక్క పక్కన అడుగున చిల్లు పెట్టిన కుండ పాతితే ఎండాకాలం కూడా గడుస్తుంది.

మూడు, కాపలా. నాటడం దానంగా చేద్దాం. కానీ ఏడాది పొడవునా నీళ్లు పోసే పని ఒక మనిషి బతుకు. దానికి నెల కూలి పెట్టమని అడుగుదాం. మన పేరుతో ఆ ఉద్యోగం ఎగిరిపోకూడదు.

నాలుగు, గేటు. పొద్దున నుంచి చీకటి పడేదాకా తెరిచి ఉండాలి. అక్కడ చదువుకునే ప్రతి విద్యార్థి పోయేటప్పుడు ఒక చెట్టుకి ఒక బిందె పోసి పోవాలి. పరీక్షల నెలలూ చెట్టుకి దాహమేసే నెలలూ ఒకటే కదా. చెట్టు మనకి నీడ ఇస్తుంది, మనం దానికి నీళ్లు ఇస్తాం.

చర్చికి పోని మన తమ్ముళ్లు, చెల్లెళ్లు "మాకెందుకు ఈ గొడవ" అనుకోవచ్చు. బడి, హాస్టలు, గుడి, పంచాయతీ ఆఫీసు, ఎక్కడ శ్రమదానం అన్నా ముందు పిలిచేది మనల్నే. మాట అంతా ఒకటే.

చివరగా ఒకటి. సుగాలీ ఆడపిల్లలు శ్రావణంలో తీజ్ చేస్తారు. గంపల్లో మట్టి పోసి గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు పాడుతూ నీళ్లు పోసి మొలకలు పెంచుతారు. ఆ గంపలు అల్లే చేయి ఎరుకల ఇంటిది. మొక్కకి నీళ్లు పోయడం ఒక ప్రార్థన అని మనకి ఎవరూ కొత్తగా నేర్పాల్సిన పని లేదు. కానీ తీజ్‌లో ఏ గింజ చల్లాలో, ఎప్పుడు నీళ్లు పోయాలో ఆ పిల్లలకే తెలుసు, వాళ్లే నిర్ణయిస్తారు. చర్చి తోటలో కూడా మనకి అంత మాట ఉంటే చాలు.

ఏకలవ్యుడు అడిగినదంతా ఇచ్చినాడు, తిరిగి ఒక్క మాట అడగలేదు. బొటనవేలు పోయింది. మనం చెమట ఇద్దాం. ఇచ్చే ముందు మాట్లాడదాం.

మీ ఊరి విచారణలో తోటపని ఎట్లా జరిగిందో, ఆ మొక్కల్లో ఈరోజుకి ఎన్ని బతికి ఉన్నాయో కింద రాయండి. నాటిన రోజు ఫోటో వద్దు, ఈ వారం తీసిన ఫోటో పెట్టండి.