అమృతం పలచబడిందా?

'అమృతం' సీరియల్ చివరికొచ్చేసరికి పలచబడిందా, లేదా? బషీర్‌బాగ్‌లో మా కాలేజీ గేటు బయట టీ బండి దగ్గర ఈ ప్రశ్న ఒక్కటి వేసి చూడండి. ల్యాబ్ రికార్డుల సంగతి మరిచిపోయి అరగంట కొట్లాడుకుంటారు. ఈ విషయంలో మన లెక్చరర్లకు కూడా గట్టి పట్టింపులున్నాయి! అయినా సాహసించి నాలుగు ముక్కలు రాస్తున్నాను.

తెలియనివారు అరుదే గాని, ఉన్నారనుకుని చెబుతాను. గుణ్ణం గంగరాజుగారు నిర్మించిన ఈ హాస్య ధారావాహిక 2001లో మొదలై 2007 దాకా జెమినీ టీవీలో వచ్చింది. ఎపిసోడ్లు మూడు వందలు దాటాయి. అమృతం, ఆంజనేయులు అనే ఇద్దరు మిత్రులు, వారి అమృత విలాస్ హోటలు, ఇంటి ఓనరు అప్పాజీ, హోటల్లో పనిచేసే సర్వం. వీళ్ల తిప్పలే కథ. అమృతం పాత్రను మొదట శివాజీరాజా, తర్వాత నరేష్, ఆ తర్వాత హర్షవర్ధన్ వేశారు.

తగాదా అంతా ఇక్కడే. "శివాజీరాజా పోయాక ఇంకేముంది" అంటారు అప్పట్లో ప్రతి వారం చూసిన అన్నలు. యూట్యూబులో చూసి పెరిగిన మా ఈడువాళ్లకు అమృతమంటే హర్షవర్ధనే. నరేష్ పక్షాన వాదించేవాడు మా హాస్టల్లో ఒక్కడే ఉన్నాడు, వాడిని ఎవరూ మాట్లాడనివ్వరు.

నేను సైన్సు విద్యార్థిని. ఈ వాదం వింటుంటే నాకు తోచేది ఒక్కటే: శాంపిలు తప్పు. పాత ఎపిసోడ్లలో మనకు గుర్తున్నవి బాగున్నవే, బాగాలేనివి ఎప్పుడో మరిచిపోయాం. ఆ ఏరిన గింజల్ని తెచ్చి, చివరి రోజుల రాశి పక్కన పోసి తూకం వేస్తే ఫలితం ముందే తెలిసిపోయింది కదా! అందుకని మేం అంకెలు రాసిన చీటీలు ఒక డబ్బాలో వేసి, ఏది వస్తే ఆ ఎపిసోడు పెట్టుకుని కొన్ని రాత్రులు చూశాం. మొదటి ఏడాదివాటిలో కూడా నిద్ర తెప్పించినవి తగిలాయి. చివరివాటిలో పొట్ట పట్టుకుని నవ్వినవీ వచ్చాయి.

అయితే అసలు తగ్గలేదని అనను. తగ్గింది. మాది పత్తి పండించే ఇల్లు. ఒకే చేలో ఏటేటా పత్తి మీద పత్తి వేస్తే దిగుబడి పడిపోతుంది. విత్తనం మార్చామని మురిసిపోతే భూమికి సారం రాదని మా నాయిన అంటాడు. అమృతం, అంజీ వారం వారం డబ్బు కోసం ఒక ఉపాయం పన్నాలి, అది బెడిసికొట్టాలి. వాళ్లు బాగుపడితే సీరియల్ ఆగిపోతుంది, బుద్ధి తెచ్చుకున్నా ఆగిపోతుంది. అదే మడిలో మూడు వందల పంటలు! హోటల్ మీదే తీసిన ఇంగ్లీషు హాస్య సీరియల్ 'ఫాల్టీ టవర్స్' 1975లో ఆరు, 1979లో ఆరు, మొత్తం పన్నెండు ఎపిసోడ్లతో ఆగిపోయింది. దానికి ఈ వాదమే లేదు. మనవాళ్లకు ఆ వెసులుబాటు ఏది? ఆదివారం వచ్చేసరికి ఎపిసోడు సిద్ధంగా ఉండాల్సిందే.

మరి అన్నేళ్లు నిలబడింది ఎలా? ముగ్గురు అమృతాల గురించి గొంతు చించుకునేవాళ్లు అంజీ ఒక్కడేనన్న సంగతి ఎందుకు తలవరు? హీరో మారాడు, సంజీవని మారింది. గుండు హనుమంతరావుగారు మారలేదు. కొత్త అమృతం వచ్చినా ఆయన పాత స్నేహితుడితో మాట్లాడినట్టే మాట్లాడేవారు. దాంతో మనమూ నమ్మేశాం. నా లెక్కలో సీరియల్ బరువు మోసింది ఆ పాత్రే. దానికి రావలసినంత పేరు ఈ తగాదా వల్లే రాలేదు.

ఆయన 2018 ఫిబ్రవరిలో కన్నుమూశారు. 2020లో జీ5లో 'అమృతం ద్వితీయం' వచ్చింది. హర్షవర్ధన్ ఉన్నారు, అప్పాజీ ఉన్నారు, అంజీగా ఎల్.బి. శ్రీరాం వేశారు. ఆయన నటనకు వంక పెట్టే అర్హత నాకు లేదు. కాని హాస్టల్లో అందరం కలిసి చూస్తున్నప్పుడు "అంజీ" అన్న పిలుపు విని ఆయన తిరిగితే, మా వాళ్లలో ఒక్క క్షణం నవ్వు ఆగింది. ముగ్గురు అమృతాలు మారినప్పుడు ఎవరికీ అలా కాలేదు.

పూర్వ విద్యార్థులైన అన్నలు ఒప్పుకోకపోతే ఒక ఆదివారం రండి. చీటీల డబ్బా మా గదిలోనే ఉంది.