చూసి రమ్మంటే కాల్చి రాకండి!

‘కమిటీ వేశారట’ అని వినగానే మనలో సగం మంది పని అయిపోయిందనుకుంటాం. మిగతా సగం మంది ఇక అది ఈ జన్మలో తేలదనుకుంటాం. రెండూ తప్పేనని నాకు తెలియడానికి ఒక తుపాను రావాల్సి వచ్చింది.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ మా జిల్లాలో తీరం దాటింది. మాది హరిశ్చంద్రపురం పక్కనున్న చిన్న పల్లె. మా వైపు కంటే ఉద్దానంలో దెబ్బ ఎక్కువ. పలాస, వజ్రపుకొత్తూరు, మందస వైపు కొబ్బరి, జీడి తోటలు నేలకు ఒరిగిపోయాయి. మా యువజన సంఘం చందాలు పోగేసింది. అందరం కూర్చుని ఐదుగురితో ఒక కమిటీ వేశాం. ఆ ఐదుగురిలో నేనూ ఉన్నాను. పని ఒక్కటే: ఉద్దానంలో ఫలానా ఊరికి వెళ్లి, ఎవరి ఇంటి కప్పు పోయిందో చూసి, ఆదివారం మీటింగులో చెప్పాలి.

వెళ్లాం. మొదటి వీధిలోనే పసిపిల్లలతో ఆరుబయట కూర్చున్న వాళ్లను చూసి మనసు ఆగలేదు. చేతిలో ఉన్న డబ్బుతో పలాసలో టార్పాలిన్లు కొని ఆ వీధిలో పంచేశాం. రెండో వీధికి వెళ్లేసరికి సరుకు అయిపోయింది. అసలు అందరికంటే ఎక్కువ నష్టపోయింది ఊరి చివరి వీధి. రాత్రి నుంచే ఫోన్లు మొదలయ్యాయి. వాళ్లు మీకేమవుతారు, మేమేం పాపం చేశాం అని.

ఆదివారం మీటింగులో మా రిటైర్డ్ మాస్టారు ఒక్కటే అడిగారు. “మిమ్మల్ని ఏటి చేసి రమ్మన్నాంరా? చూసి రమ్మన్నాం.”

“మంచి పనే కదా మాస్టారూ!” అన్నాన్నేను.

“మంచిదే. కానీ ఆ డబ్బు నీదేట్రా? సంఘానిది. చూసి రమ్మంటే కాల్చి వచ్చిన హనుమంతుడు కూడా, తిరిగొచ్చి పంపినవాళ్లకు లెక్క చెప్పాడు. ముందు సీత కనిపించిందన్న మాట చెప్పి, తర్వాత మిగతా కథ చెప్పాడు. మీరు ఆ పనైనా చెయ్యండి.”

ఆ రాత్రి ఐదుగురం కూర్చుని రిపోర్టు రాశాం. ఎలా రాయాలో మాస్టారే చెప్పారు. మాకు అప్పగించిన పనేమిటి, ఎలా తిరిగాం, ఏం చూశాం, చివర్లో సంఘం ఏం చేస్తే బాగుంటుంది. నలుగురం ఒప్పుకున్నదే కమిటీ మాట. ఐదోవాడు ఒప్పుకోలేదు. వాడి అభిప్రాయం విడిగా రాసుకున్నాడు. మర్నాడు నేను చదివాను. సంఘం విన్నది, మా సిఫార్సుల్లో ఒకటి మార్చింది, చివరి వీధికే ముందు ఇవ్వాలని తీర్మానించింది. తర్వాత మాస్టారు నవ్వి, “ఇక మీ కమిటీ లేదు. ఆ వాట్సాప్ గ్రూపు కూడా ఎత్తేయండి” అన్నారు.

ఇది ఆయన సొంత తెలివి కాదు. 1876లో అమెరికా సైన్యంలోని హెన్రీ రాబర్ట్ అనే ఇంజినీరు రాసిన సభా నియమాల పుస్తకం ఉంది. దాని ప్రకారం ఒక పని కోసం వేసిన కమిటీ, ఆ పని మీద తుది నివేదిక ఇవ్వగానే దానంతటదే రద్దవుతుంది. నివేదికను సభ అందుకోవడం వేరు, ఆమోదించడం వేరు. విన్నంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు.

మన పార్లమెంటులోనూ దాదాపు ఇదే లెక్క. లోక్‌సభ ఒక బిల్లును సెలెక్ట్ కమిటీకి పంపి గడువు చెప్పకపోతే, మూడు నెలల్లో నివేదిక రావాలి. సభ గడువు పెంచొచ్చు. ఒప్పుకోని సభ్యులు అసమ్మతి రాసి ఇవ్వొచ్చు. నివేదిక వచ్చాక బిల్లును చర్చకు తీసుకోవచ్చు, మళ్లీ కమిటీకే తిప్పి పంపొచ్చు. తేల్చాల్సింది మాత్రం సభే.

మీ ఫోన్‌కు సంబంధించిన ఉదాహరణే చెప్తాను. మన వ్యక్తిగత డేటా రక్షణ బిల్లు 2019 డిసెంబర్‌లో సంయుక్త కమిటీకి వెళ్లింది. గడువు మీద గడువు పెంచుకుంటూ రెండేళ్ల తర్వాత, 2021 డిసెంబర్ 16న నివేదిక వచ్చింది. 81 సవరణలు సూచించింది. 2022 ఆగస్టులో ప్రభుత్వం ఆ బిల్లునే వెనక్కి తీసుకుంది. ఇప్పుడున్న చట్టం 2023లో వేరే బిల్లుగా వచ్చింది. కమిటీ ఎంత కష్టపడినా, అది చెప్పేది సలహాయే.

అసలు కమిటీయే పుట్టకపోతే? అదీ మన దగ్గరే చూశాం. 2020 జనవరి 22న మూడు రాజధానుల బిల్లును, సీఆర్‌డీఏ రద్దు బిల్లును శాసనమండలి ఛైర్మన్ ఎం.ఏ.షరీఫ్ తన విచక్షణాధికారంతో సెలెక్ట్ కమిటీకి పంపుతున్నట్టు ప్రకటించారు. ఆ కమిటీ ఏర్పడలేదు. నివేదికా రాలేదు. ఈలోగా రాజ్యాంగం 197వ అధికరణం గడియారం మాత్రం ఆగలేదు. మండలి మూడు నెలల్లో తేల్చకపోతే అసెంబ్లీ రెండోసారి ఆమోదించొచ్చు. ఆ తర్వాత నెల గడిస్తే చాలు. జూన్‌లో అసెంబ్లీ మళ్లీ ఆమోదించింది, జూలై 31న గవర్నర్ సంతకం పడింది. బిల్లులు ఇంకా కమిటీ దగ్గరే ఉన్నాయని వాదించినవాళ్లూ ఉన్నారు. ఎవరి వాదన ఏదైనా, రాజధాని లాంటి విషయం మీద జనం చదవడానికి ఒక నివేదిక రావాల్సిన చోట ఖాళీ మిగిలింది.

అన్ని తాత్కాలిక సంఘాలూ ఇలా సలహాతో ఆగవు. మా హరిశ్చంద్రపురం పేరుతో ఒకప్పుడు అసెంబ్లీ నియోజకవర్గం ఉండేది. ఎర్రన్నాయుడు గారు తొలిసారి అసెంబ్లీకి వెళ్లింది ఇక్కడి నుంచే. 2009 ఎన్నికలకు అది లేదు. డీలిమిటేషన్ కమిషన్ తీసేసింది. ఆ కమిషన్ ఉత్తర్వులను సభ ముందు పెడతారు గానీ, సభ ఒక్క అక్షరం మార్చలేదు. చట్టమే దానికి ఆ అధికారం ఇచ్చింది. మా ఐదుగురికి ఎవరూ ఇవ్వలేదు. తేడా అంతే.

ఉద్దానంలో కిడ్నీ జబ్బుల మీద నీళ్లు, రక్తం నమూనాలు పట్టుకెళ్లిన బృందాలను ఎన్నిటినో చూశాం. అందుకే చెప్తున్నాను. ఈసారి మీ ఊళ్లోనో, కాలేజీలోనో, టీవీలోనో ‘కమిటీ వేశాం’ అంటే చప్పట్లు కొట్టే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. ఏ పని అప్పగించారు? ఎప్పటిలోగా? ఎవరికి చెప్పాలి? విన్నవాళ్లు ఏం తేల్చారు?

ఆ ఊరి చివరి వీధికి టార్పాలిన్లు వారం ఆలస్యంగా వెళ్లాయి. ఆ వారం రోజులూ వాళ్లు తడిసింది కమిటీ వేసినందుకు కాదు. మేం తిరిగొచ్చి చెప్పకుండా పంచేసినందుకు.