నడిమింటికి ఎంత వస్తోంది?

రంగారెడ్డి జిల్లా తలసరి ఆదాయం ఏడాదికి 9 లక్షల రూపాయలు దాటిందని రాష్ట్ర ప్రభుత్వమే తన సామాజిక ఆర్థిక నివేదికలో అచ్చు వేసింది. ఆ జిల్లాలోనే మంచాల మండలం ఉంది. అక్కడ ఒక పత్తి చేను గట్టు మీద కూర్చున్న ఒకావిడను ‘ఏడాదికి ఎంత వస్తదమ్మా?’ అని అడిగాను. కొంగుకు అంటిన పత్తి దులుపుకుంటూ చెప్పింది: ‘గింత అని ఏం చెప్పాలె సారూ. ఏరినన్ని దినాలు కిలో లెక్కన కూలి. ఎండకాలం ఉపాధి పని. కొడుకు పట్నంల ఆటో నడుపుతడు, ఇచ్చిన నెల ఇస్తడు.’

ఆ ఇంట్లో ఐదుగురు. నివేదిక లెక్కన వాళ్ల వాటా 45 లక్షలు! ఆమె కొత్త రేషన్ కార్డుకు దరఖాస్తు పెడితే, పల్లెలో ఇంటి మొత్తం ఆదాయం లక్షన్నర దాటకూడదన్నది నిబంధన. రెండూ ఒకే సర్కారు కాగితాలు. ఆమెకు వర్తించేది ఏదో ఎవరు చెప్పాలి?

ఇది అచ్చుతప్పు కాదు. తలసరి ఆదాయమంటే జిల్లాలో ఏడాది పొడవునా ఉత్పత్తయిన విలువను జనాభాతో భాగించిన అంకె. గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఈ జిల్లాలోనివే కాబట్టి అక్కడి కంపెనీల లాభాలన్నీ ఇక్కడి లెక్కలోకే వస్తాయి. ఆ లాభం ముంబైకి పోయినా, అమెరికాకు పోయినా, అక్కడ పనిచేసేవాళ్లు మియాపూర్ దాటి మేడ్చల్ జిల్లాలో కాపురం ఉన్నా సరే. పైగా చాలా సేవారంగాల విలువను జిల్లాలో నేరుగా కొలవరు. రాష్ట్రం మొత్తానికి కట్టి, పనిచేసేవాళ్ల సంఖ్య వంటి కొలతలతో జిల్లాలకు పంచుతారు. ఇంత చేసీ ఒక్క ఇంటి తలుపైనా తట్టి ‘మీకెంత వచ్చింది’ అని అడగరు.

2016కు ముందు వికారాబాద్ కూడా రంగారెడ్డి జిల్లాలోనే ఉండేది. తాండూరు కంది రైతు, నాపరాయి గనిలో చెయ్యి నలగ్గొట్టుకున్న కూలీ, హైటెక్ సిటీ ఇంజనీరు అందరికీ ఒకటే సగటు. జిల్లా విడిపోయాక చూస్తే వికారాబాద్ తలసరి 2 లక్షలు కూడా లేదని తేలింది. ఆ ఏడాదే పేదరికం వచ్చిపడిందా? ఎప్పటినుంచో ఉంది. సగటు దాన్ని కప్పిపెట్టింది, మనం చప్పట్లు కొట్టాం.

జిల్లాలోని ఇళ్లన్నిటినీ ఆదాయం వరుసలో నిలబెట్టండి. సరిగ్గా మధ్యలో నిలిచిన ఇంటికి ఎంత వస్తుందో అదే మధ్యగత ఆదాయం. పదో తరగతి పిల్లలకు నేర్పే పాఠమే. ఒక శతకోటీశ్వరుడు కొత్తగా వచ్చి కోకాపేటలో దిగితే సగటు ఎగిరిపడుతుంది, ఆ నడిమింటి అంకె కదలదు. నాకు కావలసింది ఆ అంకె.

అమెరికాలోని ఫ్రిస్కోలో ఇల్లు కొనబోయే మన తెలుగు కుర్రాడు ఆ ఊరున్న కాలిన్ కౌంటీ (మన జిల్లా లాంటిది) మధ్యగత ఆదాయం ఫోన్‌లో చూసుకుంటాడు. తాండూరులో ఉన్న తండ్రి జిల్లాకు అలాంటి అంకె ఎక్కడా దొరకదు. అమెరికా జనగణన శాఖ ఏటా లక్షల ఇళ్లను ప్రశ్నలడుగుతుంది. 65 వేల జనాభా దాటని కౌంటీలకు ఒక్క ఏడాది నమూనా చాలదు కాబట్టి ఐదేళ్ల సమాధానాలు కలుపుతుంది. అదీ పాతబడుతుందని, పన్ను రిటర్నులు, ఆహార సాయం రికార్డులు జోడించి మరో పద్ధతిలో ఏటా కౌంటీలవారీగా అంచనా కడుతుంది. టెక్సాస్‌లోని లవింగ్ కౌంటీలో 2020 జనగణనకు తేలింది 64 మంది. దాన్నీ వదలరు. ఎంత అటూ ఇటూ కావచ్చో పక్కనే రాస్తారు. అక్కడి బడులకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే డబ్బు పంచడానికి పనికొచ్చేది ఈ పద్ధతిలో కట్టిన పేదరికపు లెక్కే.

మన దగ్గర జనం నిజం చెప్పరన్నది అధికారుల పాత పాట. 1960ల్లోనూ, 1983-84లోనూ ఆదాయ సర్వేకు ప్రయత్నించి, చెప్పిన ఆదాయం చేసిన ఖర్చు కంటే తక్కువ తేలుతోందని వదిలేశారు. అమెరికాలో మాత్రం అందరూ హరిశ్చంద్రులా? అక్కడ జవాబును పన్ను రికార్డుతో సరిచూసుకునే ఏర్పాటు పెట్టుకున్నారు. ఇక్కడ చేతులెత్తేశారు. 2017-18 వినియోగ సర్వే ఫలితాలనైతే నాణ్యత లేదంటూ 2019లో కేంద్రం తొక్కిపెట్టింది. 2011 తర్వాత పదేళ్లకు జరగాల్సిన జనగణన ఆ గడువుకు జరగనేలేదు. జిల్లాలేమో తెలంగాణలో 10 నుంచి 33కు, ఆంధ్రలో 2022లో 13 నుంచి 26కు చీలాయి. పాత అంకెలను కొత్త హద్దులకు మండలాలవారీగా మళ్లీ కట్టకపోతే ఏ జిల్లా ఎదిగిందో, ఏది కుంగిందో చెప్పే దారే లేదు.

ఇంటింటికీ పోవడం చేతకాదని మాత్రం అనకండి. 2014 ఆగస్టు 19న ఇంటింటి సర్వే కోసం ఒక్క రోజులో తెలంగాణ అంతా తిరిగారు. 2024 నవంబరులో మళ్లీ తిరిగారు. ఏటా కొన్ని వేల ఇళ్లను అడిగి, జిల్లాకో మధ్యగత ఆదాయం కట్టి, తప్పు ఎంతవరకు ఉండొచ్చో పక్కనే రాసి అచ్చు వేయడం అంతకంటే చిన్న పని. కేంద్రం ఆదాయ సర్వే చేస్తానని 2025లో ప్రకటించింది. అందులో మన జిల్లాల నమూనా జిల్లా అంకె తేల్చేంత పెద్దదిగా ఉండేలా రెండు రాష్ట్రాలూ ఇప్పుడే పట్టుబట్టాలి.

చదివేవాళ్లకు నా విన్నపం ఒక్కటే. తలసరి ఆదాయం పెరిగిందని చెప్పుకుంటూ మీ ఎమ్మెల్యే ఈసారి మీ ఊరు వచ్చినప్పుడు, సభలో లేచి నిలబడి అడగండి: మన జిల్లాలో నడిమింటికి ఏడాదికి ఎంత వస్తోంది?