కీళ్లకు కావలసిన ఆహారం

వార్ధక్యం శరీరానికి సహజధర్మం. మెట్లెక్కలేక, నేలపై కూర్చొని లేవలేక బాధపడే పెద్దలు దాదాపు ప్రతి ఇంటా కనిపిస్తారు. వారి బాధను ఆసరా చేసుకొని, కీళ్లకు బలమిస్తామనే మాత్రలు, పొడులు అంగళ్లలో బారులు తీరుతున్నాయి. వాటిలో ప్రసిద్ధమైనవి గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్. పింఛను సొమ్మును నెలనెలా వీటికి వెచ్చించే ముందు, ఇవి నిజంగా మేలు చేస్తాయా అని విచారించడం వివేకవంతుల లక్షణం.

ఎముకల చివరలను కప్పి ఉంచే నునుపైన పొర మృదులాస్థి. ఎముకలు ఒకదానితో ఒకటి రాసుకోకుండా అది కాపాడుతుంది. పై రెండు పదార్థాలూ మృదులాస్థి నిర్మాణానికి సంబంధించినవే కనుక, వాటిని సేవిస్తే అరిగిన పొర తిరిగి బాగుపడుతుందని పలువురి నమ్మకం. ఈ తర్కం వినసొంపుగా ఉన్నా పరీక్షకు నిలవలేదు. అమెరికాలో మోకాళ్ల అరుగుదలతో బాధపడుతున్న 1,583 మందిపై సుమారు ఆరు నెలలపాటు జరిపిన పరిశోధన ఫలితాలు 2006లో వెలువడ్డాయి. రెండింటినీ కలిపి సేవించినవారిలో దాదాపు 67 శాతం మందికి నొప్పి కనీసం ఐదోవంతు తగ్గింది. అయితే మందు లేని ఉత్తుత్తి మాత్ర మింగినవారిలోనూ 60 శాతం మందికి అంతే ఉపశమనం కలిగింది! నొప్పి ఎక్కువగా ఉన్న కొద్దిమందిలో కొంత మేలు కనిపించినా, వారి సంఖ్య స్వల్పం కావడంతో అది రుజువుగా నిలవలేదు. 2010లో పది పరిశోధనలను కలిపి పరిశీలించినప్పుడు కూడా చెప్పుకోదగిన ప్రయోజనం కానరాలేదు.

అలాగని, మాత్ర వాడి గుణం కనిపించిందనేవారి మాట అసత్యం కాదు. కీళ్ల నొప్పి ఒకనాడు పెరిగి, మరొకనాడు తగ్గుతుంది. అది ముదిరినప్పుడే మనిషి మాత్రను ఆశ్రయిస్తాడు. తరువాత అది దానంతట అదే తగ్గినా కీర్తి మాత్రకే దక్కుతుంది.

మృదులాస్థిలో రక్తనాళాలు లేవు. కీలు కదిలినప్పుడే దాని చుట్టూ ఉన్న ద్రవం నుండి పోషకాలు అందులోకి చక్కగా చేరుతాయి. కనుక కదలికే దానికి ఆహారం! శరీరం కిలో బరువు తగ్గితే, ప్రతి అడుగులోనూ మోకాలిపై పడే భారం నాలుగు కిలోలు తగ్గుతుందని 2005లో ఒక పరిశోధన వెల్లడించింది. అమెరికా కీళ్లవైద్యుల సంఘం 2019 మార్గదర్శకాలు వ్యాయామాన్ని, అధిక బరువు తగ్గించుకోవడాన్ని గట్టిగా సమర్థించి, మోకాళ్ల అరుగుదలకు గ్లూకోసమైన్ వద్దన్నాయి.

సప్లిమెంట్లన్నీ నిరర్థకమని దీని భావం కాదు. విటమిన్-డి లోపం ఉన్నవారికి వైద్యుని సలహాతో దానిని వాడడం అవసరమే. కాని రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు గ్లూకోసమైన్ తీసుకుంటే రక్తస్రావం ముప్పు పెరగవచ్చు.

తల్లిదండ్రులకు మాత్రల సీసా కొని తెచ్చే బిడ్డల ప్రేమను శంకించనక్కరలేదు. అయితే సాయంత్రం వారి చేయి పట్టుకొని అరగంట నడిచే ప్రేమ అంతకంటే ఫలవంతమైనది.