చెమట పట్టినదల్లా వైద్యమా?

సికింద్రాబాద్ తిరుమలగిరి చుట్టుపక్కల జిమ్ముల బోర్డుల మీద జుంబా, స్టీమ్ బాత్‌ల సరసన ఇప్పుడు సౌనా (పొడి వేడి గది) కూడా చేరింది. ‘‘మే నెలలో చౌరస్తాలో అరగంట నిలబడితే ఊరికే వచ్చే చెమటకి నెలనెలా ఫీజెందుకు బావా?’’ అన్నాడు మా బావమరిది. నవ్వులాటకే అన్నా, జవాబు చెప్పాల్సిన ప్రశ్నే.

సౌనా ఆయుష్షు పెంచుతుందన్న మాటకు ఆధారం లేకపోలేదు. ఫిన్లాండ్‌లోని కువోపియో ప్రాంతంలో 42 నుంచి 60 ఏళ్ల మగవాళ్లు 2,315 మందిని యారి లౌకనెన్ బృందం ఇరవై ఏళ్లపాటు గమనించి, 2015లో ఫలితాలు ప్రచురించింది. వారానికొకసారి వెళ్లేవారితో పోలిస్తే, నాలుగు నుంచి ఏడుసార్లు వెళ్లేవారిలో హఠాత్తుగా గుండె ఆగి చనిపోయే ముప్పు 63 శాతం, ఏ కారణంతోనైనా చనిపోయే ముప్పు 40 శాతం తక్కువగా కనిపించాయి. అయితే ఇది పరిశీలన మాత్రమే. ఒంట్లో ఓపిక, చేతిలో తీరిక ఉన్నవాళ్లే ఎక్కువసార్లు వెళ్లి ఉండొచ్చు.

80 డిగ్రీల పొడి వేడిలో పావుగంట కూర్చుంటే రక్తనాళాలు వెడల్పవుతాయి, గుండె వేగం నిమిషానికి వంద దాటుతుంది. చురుగ్గా నడిచినప్పటి తీరే. బయటికొచ్చాక బీపీ కాస్త దిగుతుంది. గాలి పొడిగా ఉండబట్టే చెమట ఆరి ఒంటిని కాపాడుతుంది. మన జిమ్ముల్లోని స్టీమ్ గది సంగతి వేరు. అక్కడ వేడి 45 డిగ్రీల దరిదాపుల్లోనే ఉన్నా గాలి నిండా తేమ, చెమట ఆరదు. ఫిన్లాండ్ అంకెలు తెచ్చి ఆ గది తలుపుకి అంటించడం ఉత్త వ్యాపారం.

చెమట పట్టించే వైద్యం మనకూ పాతదే. చరక సంహిత సూత్రస్థానం 14వ అధ్యాయమంతా స్వేదం గురించే. అందులోని జేంతాక స్వేదం ఇంచుమించు సౌనాయే: నీటి ఒడ్డున గది, మధ్యలో మట్టి పొయ్యి, గోడ వెంట అరుగు. నిప్పు లేకుండా చెమట పట్టించే పది మార్గాల్లో వ్యాయామం, ఎండతోపాటు కోపం, భయం కూడా ఉన్నాయి. మా బావమరిదికి చరకుడి అండ దొరికిందనుకునేరు! గర్భిణులకు, రోజూ తాగేవాళ్లకు, మధుమేహులకు వద్దని చెప్పిందీ ఆ అధ్యాయమే. చెమట బాగా పట్టాక అరుగు వెంటే తలుపు దాకా రావాలని, వచ్చీ రాగానే చన్నీళ్లు తగిలించొద్దని కూడా చెప్పింది.

ఆ తలుపే అసలు సంగతి. సౌనాలో కళ్లు తిరుగుతున్నాయంటే లేచి వచ్చేస్తాం. చౌరస్తాలో ట్రాఫిక్ కానిస్టేబుల్‌కి, రోడ్డు పక్కన కేబుల్ గొయ్యి తవ్వే కూలీకి ఆ వీల్లేదు. ఇంటికెళ్తే రేకుల కప్పు రాత్రి కూడా వేడి కక్కుతుంది. ఒళ్లు చల్లబడే వేళే దొరకదు. ఆ ఫిన్లాండ్ పరిశోధన వెలువడిన 2015లోనే, మే నెలలో వడగాడ్పులకు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యిమందికి పైగా చనిపోయారు.

స్తోమత ఉండి, డాక్టరు సరేనంటే సౌనాకు నిక్షేపంగా వెళ్లండి. పది, పదిహేను నిమిషాలు చాలు. ముందూ వెనకా నీళ్లు తాగండి, మద్యం పుచ్చుకుని మాత్రం వెళ్లకండి. ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లు, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు అడగకుండా అడుగు పెట్టొద్దు. స్తోమత లేదా, బెంగ వద్దు. పొద్దున్నే కంటోన్మెంట్ చెట్ల కింద నడవండి. గుండెకు నడక చేసే మేలుకు సాక్ష్యం ఇంకా గట్టిది.

ఇక ఎండ తప్పించుకోలేనివాళ్ల సంగతికొస్తే, 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, మృతుల కుటుంబాలకిచ్చే సాయాన్ని 50 వేల నుంచి 4 లక్షలకు పెంచింది. మంచిదే. కాని ఆ డబ్బు మనిషి పోయాక వచ్చేది. మిట్టమధ్యాహ్నం పని ఆపించే నిబంధన, కూలి కోయకుండా విరామం, పని చోటే నీడ, నీళ్లు బతికుండగా అందాలి. వేసవి ఆరోగ్యం గురించి మాట్లాడేటప్పుడు జిమ్ము ఫీజుకన్నా ముందు ఈ లెక్క తేలాలి.