తెలిసిన కథే, తగ్గని ఉత్కంఠ

సినిమా చూసొచ్చిన మనిషి నోరు తెరిస్తే చాలు, "క్లైమాక్స్ చెప్పకు" అంటూ చెవులు మూసుకునే కాలమిది. రహస్యం తెలిస్తే కథ చచ్చిపోతుందన్న భయం ప్రేక్షకుల్లో ఉంది, కథ రాసేవారిలో అంతకు మించి ఉంది. మరి ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ సినిమాలు అరవై, డెబ్బై ఏళ్లు దాటినా, ముగింపులు లోకమంతా తెలిసిపోయినా, ఇంకా ఎలా ఊపిరి బిగబట్టిస్తున్నాయి? గుట్టును మనతో ముందే పంచుకున్నాయి గనుకనే అన్నది మా నమ్మకం.

1962లో ఫ్రెంచ్ దర్శకుడు ఫ్రాన్స్వా త్రూఫో హిచ్‌కాక్‌ను రోజుల తరబడి ప్రశ్నించి, ఆ సంభాషణను పుస్తకంగా తెచ్చాడు. అందులోని బాంబు ఉదాహరణ ప్రసిద్ధం. ఇద్దరు బల్ల దగ్గర కూర్చుని పిచ్చాపాటీ మాట్లాడుకుంటున్నారు. ఉన్నట్టుండి బల్ల కింద బాంబు పేలితే ప్రేక్షకుడు పదిహేను సెకన్లు అదిరిపడతాడు. అదే బాంబును మనకు ముందే చూపించి, వాళ్లకు తెలియనివ్వకపోతే, పదిహేను నిమిషాలపాటు ఆ పిచ్చాపాటీలోని ప్రతి మాటా మనల్ని కలవరపెడుతుంది.

ఈ సూత్రం 'నటోరియస్' (1946)లో ఎంత అందంగా పనిచేసిందో చూడండి. రియో డి జనీరోలో ఒక భవనంలో విందు. కెమెరా ఎత్తు నుంచి అతిథుల మీదుగా దిగుతూ దిగుతూ ఇన్‌గ్రిడ్ బెర్గ్‌మన్ గుప్పిట్లోని తాళంచెవి దగ్గర ఆగుతుంది. భర్త గుత్తిలోంచి ఆమె రహస్యంగా తీసిన చెవి అది. అక్కణ్ణుంచి మన చూపంతా షాంపేన్ సీసాల మీదే. అవి అయిపోతే ఇంకొన్నింటి కోసం నేలమాళిగ తలుపు తీయాలి. తీస్తే ఆమె దొరికిపోతుంది. తుపాకీ లేదు, పరుగు లేదు. లోపల దాచింది యురేనియం అని తెలిసిన ప్రేక్షకుడికి కూడా ఆ సీసాలు తరుగుతుంటే గుండె దడ ఆగదు.

'వెర్టిగో' (1958)లో ఆయన మరింత తెగించాడు. మూలమైన ఫ్రెంచ్ నవల ఆఖరిదాకా దాచిన గుట్టును, సినిమా ఇంకా చాలా మిగిలుండగానే విప్పేశాడు. చనిపోయిందనుకున్న మాడలిన్, ఇప్పుడు కళ్లముందున్న జూడీ ఒక్కరేనని మనకు తెలుసు, నాయకుడికి తెలీదు. "ఎవరీమె?" అన్న కుతూహలం పోయి, "ఇతనికి తెలిసిన రోజున ఈమె ఏమవుతుంది?" అన్న బెంగ పట్టుకుంటుంది. విడుదలైనప్పుడు అంతంతమాత్రపు ఆదరణే దక్కిన ఆ చిత్రం 2012లో 'సైట్ అండ్ సౌండ్' పత్రిక జరిపిన విమర్శకుల ఎంపికలో మొదటి స్థానానికి చేరింది.

'సైకో' (1960) మాటేమిటని అడగవచ్చు. ఆట మొదలయ్యాక ఎవరినీ లోపలికి రానివ్వొద్దని పట్టుబట్టి మరీ కాపాడుకున్న రహస్యం కదా అది! నిజమే. ఆ గుట్టు మాత్రం ఒక్క ఆటతోనే ఖర్చయిపోతుంది. శవమున్న కారును నార్మన్ బేట్స్ ఊబిలోకి తోసినప్పుడు, అది సగం మునిగి ఆగిపోతుంది. ఆ క్షణంలో "మునిగితే బాగుణ్ణు" అని కోరుకునేది మనమే. మనసులోని ఆ మెలిక ఎన్నిసార్లు చూసినా పాతబడదు.

తెలిసిన కథను మళ్లీ చూడటం మనకు కొత్తా? అభిమన్యుడు తిరిగి రాడని తెలిసే పద్మవ్యూహాన్ని తోలుబొమ్మలాటల్లో, హరికథల్లో కళ్లు చెమర్చి చూశాం, విన్నాం. 'మాయాబజార్' (1957)లో పెళ్లిపీటల మీదున్న శశిరేఖ నిజానికి ఘటోత్కచుడని మనకు తెలుసు, లక్ష్మణకుమారుడికి తెలీదు. నవ్వంతా అక్కడే పుట్టింది. బల్ల కింది బాంబుకూ ఆ పెళ్లికూతురికీ కీలకం ఒక్కటే.

ఈ పత్రికకు కథలు పంపే మిత్రులకు, థ్రిల్లర్లు తీస్తున్న యువ దర్శకులకు ఒక మనవి. చివరి మలుపు కోసం పాత్రల్ని బలిపెట్టకండి. హంతకుడి పేరు దాచేందుకు ప్రతి మనిషినీ అనుమానించేలా చూపిస్తే, పేరు బయటపడగానే ఆ మనుషులంతా డొల్లలైపోతారు. రాసిన కథలో గుట్టును మొదటి పేజీకి తెచ్చి చూడండి. అప్పుడూ నిలబడితే అందులో మనుషులున్నట్టు. రెండోసారి చదివే పాఠకుణ్ణి మనసులో పెట్టుకుని రాయండి. అలాంటి కథలకు ఇక్కడ ఎప్పుడూ చోటుంటుంది.